నానిన ముక్కలు

టిన్ను బోర్లించి తట్టగానే బ్రెడ్డు దబ్బున బల్ల మీద పడింది. ఆ చప్పుడుకే ఆమెకు సంగతి తెలిసిపోయింది. అయినా ఆశ చావక కత్తి పెట్టి కోసింది. పైన చెక్కలాంటి పెచ్చు, లోపల పచ్చిపిండి. కత్తికి అంటుకున్న జిగురును వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది.

"ఏం అమ్మాయ్, దొంగలొస్తే విసరడానికా?" అంది వదిన పక్కగదిలోంచి.

భర్తకు అక్క ఆవిడ. ఓపిక ఉన్నన్నాళ్ళూ సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. ఇప్పుడు చేతిలో టిక్కెట్లు లేకపోయినా వీధంతా కండక్టరమ్మ అనే పిలుస్తుంది. కొత్త చెప్పు కరిచి మడమ పుండు పడి, షుగరు మూలంగా అది మానక, తమ్ముడింట్లో ఉంటోంది. దిండ్ల మీద కాలు ఎత్తిపెట్టుకుని, మెడ మాత్రం గుమ్మం దాకా సాచి చూస్తోంది.

"మళ్ళీ చేస్తాను వదినా. ఈసారి పొంగుతుంది."

"పొంగకపోతే మాత్రం కొంప మునిగిందా? మనింట్లో బ్రెడ్డుకేం కరువు!" తలగడ పక్కనున్న పొట్లం తీసి ఊపింది వదిన. పొట్లం మీద గోధుమ కంకి బొమ్మ ఉంది. "ఇదిగో, మా తమ్ముడి చేతి బ్రౌన్ బ్రెడ్డు. ముట్టుకుంటే దూది. ఆ రంగు చూడు, ఎలా నిగనిగలాడుతోందో! నువ్వు చేసింది జ్వరమొచ్చి లేచినట్టుంది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే తన బ్రెడ్డు ముక్కనీ, ఆ పొట్లంలోని ముక్కనీ పక్కపక్కన పెట్టి చూసింది. మరలో తన కళ్ళముందే ఆడించిన గోధుమ పిండి. తవుడు తీయలేదు. బార్లీ నూక కలిపింది, అవిసె గింజలు వేసింది. అయినా తనది మట్టిరంగులోనే ఆగిపోయింది. అదేమో కాఫీ గింజంత నల్లగా ఉంది.

మైదా ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. వదిన ముట్టుకోవడం లేదు. పూటపూటా ఈ బ్రౌన్ బ్రెడ్డే తింటోంది. అయినా షుగరు దిగడం లేదు. కిందటిసారి కట్టు మార్చిన నర్సు, "కొట్లో బ్రెడ్డు కంటే ఇంట్లో ముడి పిండితో చేసుకుంటే మంచిదమ్మా" అంది. అప్పటినుంచి ఆమెకు ఈ పట్టుదల.

మధ్యాహ్నం భర్త వచ్చాడు. ఊళ్ళో సగం కొట్లకు సరుకు పంపే బేకరీలో పిండి కలిపించేది అతనే. అక్కడ అందరూ మేస్త్రి అంటారు. ఏ ఇంటికి వెళ్ళినా, గిన్నెలో ఏ పిండి కనబడినా వేలు పెట్టి నొక్కి చూడకుండా ఉండలేని మనిషి. అలాంటివాడు బల్ల మీద ముక్కలైన బ్రెడ్డును చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఎందుకు పొంగలేదంటారు?" అని అడిగింది.

"నాకేం తెలుసు?"

"మీకు తెలియకపోతే ఎవరికి తెలుసండీ?"

"ఎందుకీ అవస్థంతా? నేను తెస్తున్నాను కదా. కాజాలు కుట్టుకునేదానివి కాజాలు కుట్టుకోక!" గొంతు పెరిగింది. పక్కగదిలో రేడియో తగ్గింది. అతను వెంటనే గొంతు తగ్గించి, "అన్నం పెట్టు," అన్నాడు.

ఆమె పెట్టింది. తింటున్నంతసేపూ తలెత్తలేదతను.

*

పిండిమర ఆవిడ చెప్పిన చిట్కా అది. "నిన్నటి బ్రెడ్డు ముక్కలుంటే నీళ్ళలో నానేసి, పిసికి, కొత్త పిండిలో కలుపు. మెత్తగా వస్తుంది. రంగూ వస్తుంది" అని చెప్పి, తన ఇంటి పులిపిండి కూడా ఒక సీసాలో పోసిచ్చింది.

ఎండిన బ్రెడ్డు ఇంట్లో వదిన పొట్లంలోదే ఉంది. పొట్లం చివరి ముక్కలు వదిన తినదు. వాటిని తుంచి ఒక గిన్నెలో నీళ్ళు పోసి నానేసింది. ఎందుకైనా మంచిదని, తన పాడైన బ్రెడ్డు పెచ్చు కూడా ఇంకో గిన్నెలో వేసి కిటికీ దగ్గర పెట్టింది. వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. దర్జీ పంపిన చొక్కాలకు కాజాలు తీస్తూ పిండి మాట మరిచిపోయింది.

తిరిగొచ్చి చూస్తే మొదటి గిన్నెలో నీళ్ళు డికాషనులా ఉన్నాయి.

ముందు గిన్నె సరిగా తోమలేదేమో అనుకుంది. ఒక ముక్క తీసి పిండింది. వేళ్ళ సందుల్లోంచి గోధుమరంగు నీళ్ళు కారాయి. మళ్ళీ మంచినీళ్ళలో జాడించి పిండింది. చేతిలో మిగిలింది తెల్లటి మెత్తటి ముద్ద. అందులో ఒక్క తవుడు పొట్టయినా లేదు. పొట్టంతా పైపెచ్చు మీదే, చల్లినట్టుగా అంటుకుని ఉంది. రెండో గిన్నె చూసింది. తన బ్రెడ్డు నానిన నీళ్ళు కాస్త మురికిగా ఉన్నాయంతే. ముక్క మాత్రం ఏ రంగున వేసిందో ఆ రంగునే ఉంది.

వేలు నాలిక్కి ఆనించి చూసింది. తియ్యగా, చివర కొంచెం చేదుగా తగిలింది.

స్టూలు లాక్కుని కూర్చుంది. గోడ అవతల వదిన రేడియోతో పోటీపడి పాడుతోంది.

మేస్త్రి తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో ఎప్పటిలాగే పొట్లం ఉంది. కిటికీ దగ్గర పక్కపక్కనున్న గిన్నెలు చూశాడు. తేలు కుట్టిన దొంగలా అక్కడే ఆగిపోయాడు. ఆమె లేచి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"ఏంటండీ ఇది?"

"మెల్లగా."

"మెల్లగానే అడుగుతున్నాను. ఏంటిది?"

"రంగు."

"ఏం రంగు?"

అతను చంకలోని పొట్లం తీసి చేత్తో పట్టుకున్నాడు. "పంచదార మాడ్చి పాకం చేస్తారు," అన్నాడు చివరికి. "డబ్బాల్లో వస్తుంది."

"పంచదార! అది ఎవరు పోస్తారు పిండిలో?"

అతను పొట్లాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ పొట్లం ఎక్కడ పెట్టాలో అతనికి తెలియడం లేదు.

"మరి పిండి? అదైనా ముడి పిండేనా?"

"మైదానే. పైన తవుడు చల్లుతాం."

"తెలిసే తెచ్చి పెడుతున్నారా? మీ అక్కకి?" ఆమె గొంతు గుసగుసలోనే పగిలింది. "రోజూ?"

"నేను తెస్తానన్నానా?" అని కణతలు రుద్దుకున్నాడు. "ఇంటికొచ్చిన మొదటి రోజే తనే అడిగింది. 'ఒరేయ్, మీ బేకరీలో బ్రౌన్ బ్రెడ్డు చేస్తావుగా, అదే తెచ్చిపెట్టు' అంది. ఎంత గర్వంగా అడిగిందో నువ్వూ విన్నావుగా. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. మర్నాడు ఇంకా రాలేదు. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టావురా అంటుంది. ఏం చెప్పను?"

"నేను చెబుతాను."

"వద్దు. నీకు దణ్ణం పెడతాను. నేనే చెబుతాను. ఈసారి ఆసుపత్రికి వెళ్ళి రానీ."

"ఏం అమ్మాయ్, గుసగుసలు?" వదిన అవతలినుంచి కేకేసింది. "నా కాలు తీసేసే మంతనాలా? బ్రెడ్డు తెచ్చాడా వాడు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత మేస్త్రి ఆ పొట్లంతోనే పక్కగదిలోకి వెళ్ళాడు. ఆమె రెండు గిన్నెల నీళ్ళూ తూములో పారబోసింది.

*

కట్టుమార్చే గది ముందు నడవాలో బెంచీలన్నీ నిండిపోయాయి. వదిన ఒంటికాలి మీద కర్ర ఊతతో అడుగుపెట్టగానే అక్కడి రద్దీ దానంతటదే సర్దుకుంది.

"కాస్త ముందుకు జరగండి, జరిగితే సుఖంగా కూర్చోవచ్చు! బాబూ, నీ చెయ్యికి కట్టు, కాలికి కాదుగా? లే, ఆవిడను కూర్చోనీ." జనం నవ్వుతూ జరిగారు. ఆమె వదిన పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

ఎదురు బెంచీలో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. కుడికాలి బొటనవేలు తీసేశారు. ఎడమకాలికి కట్టు ఉంది. ఆయన సంచిలోంచి గోధుమ కంకి బొమ్మ తొంగిచూస్తోంది.

"మీరు చెప్పినప్పటినుంచీ ఇదే తింటున్నానమ్మా కండక్టరమ్మగారూ. నాకు పళ్ళు లేవు కదా, మెత్తగా హాయిగా ఉంది."

"మరేమనుకున్నారు? మా తమ్ముడు దగ్గరుండి కలిపించే పిండి అది!" వదిన ముఖం వెలిగిపోయింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మీరూ తెచ్చుకున్నారా లేదా?"

"తెచ్చుకున్నాం కండక్టరమ్మా. పిల్లలక్కూడా అదే పెడుతున్నాను," అంది ఒకావిడ.

ఆమె ఒళ్ళో సంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. వీళ్ళు కూడానా! మోసపోతున్నది తమ ఇంట్లో ఒక్క మనిషే అనుకుంది ఇంతవరకూ.

లోపల నర్సు కట్టు విప్పి, పుండు చుట్టూ నొక్కి చూసి, పెదవి విరిచింది. "ఇంకా తడిగానే ఉంది. పైకి పాకకపోతే చాలు. తిండి జాగ్రత్తగానే ఉంటున్నారా?"

"ఓ! అడగండి మా మరదల్ని. ముడి గోధుమ బ్రెడ్డు తప్ప ఇంకోటి ముట్టను. చెప్పు అమ్మాయ్!"

నర్సు చేతిలో గాజుగుడ్డతో ఆమె వైపు చూసింది. వదినా చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, భయం లేదు. తమ్ముడి మీద నమ్మకం ఒక్కటే ఉంది. ఆమె నోరు తెరిచింది.

"అవునండీ," అంది.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో వదిన కిటికీ పక్క కూర్చుని, టిక్కెట్లు ఇచ్చే కుర్రదాని పనితనం మీద జోకులేస్తూనే ఉంది. ఆమెకు ఒక్కటీ చెవికెక్కలేదు. ఆ ఒక్కమాటా నాలుక మీద మాడిన పాకంలా ఉండిపోయింది.

*

మేస్త్రి ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. అక్క మంచం పట్టె మీద కూర్చోవడం, "కాలు ఎలా ఉంది?" అనడం, లేచి రావడం. వంటింట్లోకి రాగానే ఆమె అతని వైపు చూసేది. అతను మంచినీళ్ళ బిందె వైపు చూసేవాడు.

ఆమె మాట్లాడటం మానేసింది. మళ్ళీ పిండి తీసింది. గోధుమ పిండి, బార్లీ నూక, గింజలు, సీసాలో బుసబుస పొంగుతున్న పులిపిండి. పళ్ళెంలో పోసి, పంతంగా, పళ్ళు బిగబట్టి పిసకసాగింది. పిండి వేళ్ళను పట్టుకుని వదలడం లేదు.

"అలా పిసక్కు," అన్నాడు అతను గుమ్మంలోంచి.

ఆమె ఆగలేదు.

"మైదా అయితే పిసకాలి. ఇది ఎంత పిసికితే అంత మొండికేస్తుంది. లే, నన్ను చూడనీ." చొక్కా చేతులు మడిచి వచ్చి పక్కన నిలబడ్డాడు. పెళ్ళయ్యాక ఇంట్లో అతను పిండి కలపడం అదే మొదటిసారి. వేరే గిన్నెలో ఇంకొంచెం నూక తీసుకుని సలసల కాగే నీళ్ళు పోసి మూతపెట్టాడు. అది చల్లారి గంజిలా దగ్గరపడ్డాక పిండిలో కలిపాడు. తడిచేత్తో కిందినుంచి పైకి మడిచి, పళ్ళెం తిప్పి మళ్ళీ మడిచి, తడిగుడ్డ కప్పి వదిలేశాడు. "ఇంక దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. తొందరపెట్టకూడదు."

"మీరు అక్కడ ఇలా చేస్తారా?"

"అక్కడ ఇంతసేపు ఎవడు ఆగనిస్తాడు?"

పిండి లేచాక టిన్ను నిండా గింజలు చల్లి, ముద్దను జారవిడిచాడు. కాలుతున్నంతసేపూ ఓవెన్ ముందు పీటేసుకుని కూర్చున్నాడు. కోర్టు మెట్ల మీద తీర్పు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. తీసి, బోర్లించి, అడుగున వేళ్ళతో తట్టాడు. డొల్లగా, చెక్కపెట్టె మీద తట్టినట్టు పలికింది. గుడ్డలో చుట్టి, "రేపటిదాకా కత్తి పెట్టకు," అన్నాడు.

మర్నాడు అతను పని నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. తనే బ్రెడ్డు కోశాడు. లోపల పలచటి మట్టిరంగు, గింజ గింజకీ తడి మెరుపు. రెండు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

వదిన ఒక కొస కొరికి, దవడలు ఆడిస్తూ, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలింది.

"పుల్లగా ఉంది. పళ్ళకు పని పెడుతోంది. బాగుంది రా. కానీ ఇది మీ బేకరీది కాదే?"

"కాదక్కా."

"మీదైతే నల్లగా, మెత్తగా..."

"అది రంగక్కా." మేస్త్రి నేల మీద కూర్చుండిపోయాడు. "మైదాలో మాడిన చక్కెర పోసి చేస్తాం. నేనే పోస్తాను. ఇన్నాళ్ళూ నీకు పెట్టింది అదే."

వదిన నమలడం ఆపింది. నోట్లోది మింగడానికి కూడా కాసేపు పట్టింది. పళ్ళెం పక్కన పెట్టి, దిండ్ల మీదున్న కాలిని, అది ఇంకెవరిదో అయినట్టు చూసింది. తిట్టలేదు. చెయ్యెత్తలేదు. తమ్ముడు తల వంచుకుని దెబ్బకోసమే ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాడు.

కానీ ఆవిడ అతన్ని చూడలేదు. గుమ్మం వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది అమ్మాయ్?"

అంతవరకూ ఆ గదిలో తప్పు అతనిదే అన్నట్టు నిటారుగా నిలబడ్డ ఆమెకు ఒక్కసారిగా గుమ్మం పట్టుకోవలసి వచ్చింది.

"మొన్న... ఆసుపత్రికి వెళ్ళేముందు."

"వెళ్ళేముందు." వదిన తలాడించింది. "అంటే తెలిసే నా పక్కన కూర్చున్నావు. ఆ ముసలాయన పొట్లం చూపిస్తుంటే చూశావు. ఆవిడ పిల్లలకి పెడుతున్నానంటే విన్నావు. అవునండీ అన్నావు."

"వదినా, ఆయనే చెబుతానన్నారని..."

"వాడికి ఉద్యోగం భయం, నా భయం. నీకేం భయం?"

 వదిన గోడ వైపు ఒత్తిగిలింది. ఆ సాయంత్రం రేడియో మోగలేదు.

*

మళ్ళీ కట్టుమార్చే రోజు పొద్దున్నే వదిన తయారై కూర్చుంది. మేస్త్రి అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "అక్కా, అక్కడ నువ్వు చెబితే ఓనరు చెవిన పడుతుంది" అన్నాడు. వదిన వినబడనట్టే కర్రకు రబ్బరు బిరడా బిగించుకుంటూ కూర్చుంది. ఆ రోజునుంచి తమ్ముడితో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

దారిలో మాత్రం మరదలితో అంది: "తమ్ముడు తనవాడైనా ధర్మం చక్కగా చెప్పమన్నారు. నా నోటితో అందరికీ అంటగట్టాను. నా నోటితోనే వద్దంటాను. అంతే."

నడవాలో అవే బెంచీలు, అవే ముఖాలు. కండక్టరమ్మ రాగానే జరిగి చోటిచ్చారు. గడియారాల ముసలాయన నమస్కారం పెట్టాడు. ఆయన సంచిలో పొట్లం ఉంది.

వదిన కూర్చోలేదు. కర్ర మీద ఆనుకుని నిలబడింది. "అందరూ ఒక్కసారి ఇటు వినండి," అంది. అందరూ తిరిగారు. ఏదో జోకు వస్తుందని ఒకరిద్దరు ముందే నవ్వారు.

"నేను మీకు చెప్పిన బ్రెడ్డు... మా తమ్ముడు..." అక్కడ ఆగిపోయింది. బస్సు చివరి సీటు దాకా వినబడే గొంతు. గొంతు సవరించుకుంది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. 

ఆమె వదిన మోచెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ స్థలంలో తాను నిలబడింది. ఇంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. కాజాలు తీసే వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఆ బ్రెడ్డు ముడి పిండిది కాదండీ. మైదా. రంగు పోస్తారు. పంచదార మాడ్చి చేసిన రంగు. నీళ్ళలో నానేస్తే తెలుస్తుంది. మా ఆయనే పోసేది. మీకు చెప్పినప్పుడు వదినకి తెలియదు. నాకు పోయినసారే తెలుసు. తెలిసి కూడా మీ మధ్య కూర్చుని నోరు మెదపలేదు."

 పిల్లలకు పెడుతున్నానన్న ఆవిడ ముందు లేచింది. "ఇప్పుడు చెబుతున్నావా తల్లీ? మంచి పని చేశావు!" అని, చేతిలో పొట్లాన్ని చెత్తబుట్టలోకి విసిరికొట్టింది. అది గురి తప్పి బుట్ట పక్కన పడింది. ఎవరూ తీయలేదు. చెయ్యికి కట్టున్న కుర్రవాడు, "ఏ బేకరీ? ఓనరెవరు?" అంటూ ముందుకొచ్చాడు. ఆమె చెప్పింది. ఏదీ దాచలేదు.

గడియారాల ముసలాయన మాత్రం తన పొట్లం మూతిని జాగ్రత్తగా మడిచి, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

"పారెయ్యండి తాతగారూ," అంది ఆమె.

"పారేస్తే ఇవాళ ఏం తిననమ్మా?"

ఆమె తన సంచిలోంచి వదిన కోసం తెచ్చిన ముక్కలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, చిగుళ్ళతో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పాడు. ఎంత తిప్పినా లొంగలేదు. చివరికి మర్యాదగా చేతిగుడ్డలోకి తీసేసి, "రుచిగానే ఉంది," అన్నాడు.

*

ఇంటికి రాగానే వదిన మంచం ఎక్కలేదు. వంటింట్లో కుర్చీ వేయించుకుని, కాలు పీట మీద పెట్టుకుని, పిండి పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. ఆమె గోధుమ పిండి కొలిచి పోసింది. ఇద్దరి మధ్యా పనికి కావలసిన మాటలు తప్ప లేవు. అయినా మొన్నటి నిశ్శబ్దం కాదిది.

తలుపు చప్పుడైంది. మేస్త్రి ఎప్పుడూ ఇంత పెందలాడే రాడు. వచ్చి, చెప్పులు విడిచి, వంటింటి గడపకు అవతలే నిలబడ్డాడు.

"ఇవాళ రంగు డబ్బా నేను ఎత్తలేదు," అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియకుండా ఇద్దరి మధ్య గోడ వైపు చూస్తూ అన్నాడు.

"మరి?" అని అడిగింది ఆమె.

"ఇంకొకడు ఎత్తాడు. నన్ను ఇంటికి పొమ్మన్నారు."

పళ్ళెంలో వదిన చేతులు ఆగాయి. ఆమె పిండి డబ్బా మూత పెట్టి, మళ్ళీ తీసింది. వీధిలోంచి బస్సు వెళ్ళిన మోత వచ్చి, కిటికీ అద్దాలు కదిలించి పోయింది.

వదిన తలెత్తి తమ్ముడిని చూసింది. చాలా రోజుల తర్వాత చూసినట్టు, పాదాలనుంచి ముఖం దాకా చూసింది.

"ఆసుపత్రిలో ఒకాయనకి పళ్ళు లేవు," అంది. "గడియారాలు బాగుచేస్తాడు. ఆయన తినేలా మెత్తగా రావాలి. ఎలారా?"

మేస్త్రి గడప దాటి వచ్చి, పళ్ళెంలో పిండిని వేలితో నొక్కి చూశాడు.

"గింజలు తీసెయ్యాలక్కా," అన్నాడు. "నూక నానితే చాలదు. ఉడకాలి."

ఆమె పొయ్యి వెలిగించి గిన్నె పెట్టింది.